నల్ల కవరు

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ ఏంటో తెలుసా? ఆటోమేటిక్ వేస్ట్ సెగ్రిగేటర్. ఒక ఆర్డుయినో బోర్డు, తేమను పసిగట్టే సెన్సర్, లోహాన్ని గుర్తుపట్టే సెన్సర్, కింద ఒక సర్వో మోటర్. అరటి తొక్క వేస్తే తడి డబ్బాలోకి, కాగితం వేస్తే పొడి డబ్బాలోకి, మేకు వేస్తే మూడో దాంట్లోకి పడుతుంది. రివ్యూలో సార్ మెచ్చుకున్నారు. ఫొటోలు దిగి స్టేటస్‌లు పెట్టుకున్నాం.

ఆ రాత్రే కూకట్‌పల్లిలోని మా రూమ్‌లో బిర్యానీ పార్టీ. ఎముకలు, మిగిలిన రైతా, ప్లాస్టిక్ డబ్బాలు, చిప్స్ ప్యాకెట్లు, హడావిడిలో పగిలిన గాజు గ్లాసు... అన్నీ ఒకే నల్ల కవర్లో కుక్కి ముడేశాం. నలుగురం కాబోయే ఇంజనీర్లమే!

పొద్దున చెత్త బండి వచ్చింది. కవరు ఇచ్చింది నేనే. బండి దగ్గరున్న అక్క ముడి విప్పి లోపల చెయ్యి పెట్టి, "అమ్మో" అంటూ వెనక్కి లాక్కుంది. బొటనవేలి నుంచి రక్తం. పైకి పరిగెత్తి దూది, బ్యాండేజీ తెచ్చాను. ఆమె తిట్టలేదు.

"బిడ్డా, గాజు పెంకులుంటె జర కాయితంల సుట్టి ఇయ్యరాదా? సీసలు, డబ్బలు ఏరుకుంటెనే మాకు నాలుగు పైసలు. గందుకే చెయ్యి వెడ్త" అంది.

తిట్టినా బాగుండేది.

తర్వాత కూర్చుని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చదివాను. వాటి ప్రకారం ఇంట్లోనే మూడుగా విడదీయాల్సి ఉండేది: తడి, పొడి, ప్రమాదకరం. పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు, సూదులు అందులో మూడో రకం కిందికి వచ్చేవి. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు విడిగా చుట్టి ఇవ్వాలి. నీళ్ళ బాటిల్ అడుగున త్రికోణంలో 1 ఉంటే పెట్, బిర్యానీ డబ్బా మీద 5 ఉంటే పాలీప్రొపిలీన్. రెండూ రీసైకిల్ అవుతాయి. కానీ కూర అంటుకుంటే పాత సామాన్ల కొట్టువాడు ముట్టుకోడు. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరూ కొనరు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. రైతా అంటిన డబ్బా వేస్తే మా మెషిన్ దాన్ని తడి చెత్త అనేది. టెస్టింగ్‌లోనే మాకు ఆ సంగతి తెలుసు. అందుకే రివ్యూలో కడిగి ఆరబెట్టిన శాంపిల్సే వేశాం. ఒకసారి కలిపేశాక విడదీసే సెన్సర్ మా దగ్గర లేదు. ఆ పని ఆమె వేళ్ళు చేస్తున్నాయి.

ఇప్పుడు రూమ్‌లో రెండు బకెట్లు, గాజుకీ బ్లేడ్లకీ ఒక చెప్పుల అట్టపెట్టె ఉన్నాయి. మావాడొకడు ఇప్పటికీ టీ పొడి తెచ్చి పొడి చెత్తలో పోస్తాడు. "పేరులోనే పొడి ఉంది కదరా" అంటాడు. రోజూ గొడవే.

కవరు ఇచ్చేటప్పుడు "గాజు లేదక్కా" అని చెప్తాను. ఆమె నవ్వుతుంది. అయినా ముడి విప్పే ముందు పైనుంచి ఒకసారి తడిమి చూసుకుంటుంది.