ఏడు కిలోల్లో ఎంత ఇల్లు పడుతుంది?

సినిమాలో హీరోయిన్ విమానం ఎక్కేస్తూంటే హీరో ఏం చేస్తాడు? మోటారు సైకిలు ఎక్కడో పడేసి, అద్దాల తలుపులు తోసుకుని, "ఆగు!" అంటూ లోపలికి పరుగెడతాడు. మనం ఈలలు వేస్తాం. నిజం విమానాశ్రయంలో అయితే ఆ హీరోని గుమ్మంలోనే సి.ఐ.ఎస్.ఎఫ్. జవాను ఆపి టిక్కెట్టూ, గుర్తింపు కార్డూ చూపించమంటాడు. అవి లేకపోతే ప్రేమకథ అక్కడితో సరి! ఇంకో సంగతి గమనించారా? హీరోయిన్ చేతిలో ఎప్పుడూ ఓ బుల్లి సూట్‌కేసే వుంటుంది. దాన్ని ఎవరూ తూచరు, కొలవరు.

మా చెల్లెలి సంచీని మాత్రం తూచారు, కొలిచారు కూడా.

గచ్చిబౌలి గురించి మీకు నేను చెప్పేదేముంది! 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తర్వాత ఇక్కడికి తరలివచ్చినప్పుడు చుట్టూ బండరాళ్ళూ, తుప్పలే. ఇప్పుడు ఆ బండల్లో చాలా భాగం అద్దాల మేడల పునాదుల్లోకి వెళ్ళిపోయాయి. 2008లో రెండు పనులు జరిగాయి. బేగంపేటకు బదులు శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచారు. అదే ఏడాది ఔటర్ రింగ్‌రోడ్డు మొదటి ముక్క గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా వేశారు. దాంతో ఈ పేటకి విమానం పెరటి గుమ్మంలోకి వచ్చినట్టయింది. తెల్లవారుజామున నాలుగింటికి ఇందిరానగర్ సందుల్లో నిలబడి చూడండి. చక్రాల పెట్టెలు లాక్కుంటూ పోయేవాళ్ళ గరగర శబ్దానికి కుక్కలు కూడా మొరగడం మానేశాయి!

ఆ సందుల్లోనే ఓ లేడీస్ హాస్టల్లో మా చెల్లెలుండేది. కిందటి డిసెంబరులో వాళ్ళ కంపెనీ దాన్ని గురుగ్రామ్ బదిలీ చేసింది. సంగతి తెలియగానే మా అమ్మ తెనాలిలో నారాయణాద్రి ఎక్కి లింగంపల్లిలో దిగింది. రెండు చేతులా సంచులే. ఆవకాయ, సున్నుండలు, ఎండుకొబ్బరి చిప్పలు, నెయ్యి... అన్నిటికీ పైన ఓ బొంత. అమ్మమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి అమ్మ స్వయంగా కుట్టింది.

"ఢిల్లీ చలి ఎముకలు కొరుకుతుందట కదరా," అంది నాతో.

చెల్లి నన్ను పక్కకి లాగింది. "అన్నయ్యా! ఆఫీసువాళ్ళు ఇద్దరు అదే ఫ్లైట్‌లో వస్తున్నారు. వాళ్ళ ముందు ఈ బొంతేమిటి? నువ్వే ఏదో చెప్పు."

నేనేం చెప్పను? నా పక్షాన రూల్సు చెప్పాయి. మన దేశంలో లోపలి విమానాల్లో మామూలు టిక్కెట్టుకి సాధారణంగా 15 కిలోల లగేజీ, చేతిలో 7 కిలోల సంచీ ఒకటి. ఆ సంచీ 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 25 మందం దాటకూడదు. చక్రాలూ, పిడీ కూడా ఆ లెక్కలోకే వస్తాయి సుమండీ! ఏడు కిలోలంటే ఎంత? సినిమా లెక్కలో చెబుతాను. ఫిల్ము రోజుల్లో రెండున్నర గంటల బొమ్మకి దాదాపు 13,500 అడుగుల ఫిల్ము, బరువు సుమారు 30 కిలోలు. అంటే ఇంటర్వెల్ దాకా కూడా రాని బరువన్నమాట!

హాస్టల్ మొత్తానికీ ఒక్కటే కొక్కెం తూకం వుంది. ఆ రాత్రి అది పై అంతస్తులో ఎవరి రూములోనో వుంటే వెతికి తెచ్చాం. ముందు ఎండుకొబ్బరి బయటికి వచ్చింది. నూనె ఎక్కువ, మంట అంటుకునే గుణం వుందని విమానాలవాళ్ళు దాన్ని ప్రమాదకరమైన సరుకుల్లో చేర్చారు. "శుభకార్యానికి పెట్టే కొబ్బరి ప్రమాదమా!" అని అమ్మ విస్తుపోయింది. ఆవకాయ, నెయ్యి లగేజీలోకి వెళ్ళాయి. పవర్ బ్యాంకు మాత్రం లగేజీలోంచి తీసి చేతిసంచీలో వేశాం. లిథియం బ్యాటరీ పొగలు కక్కితే మనుషుల మధ్యనే కక్కాలి, అడుగున సామాన్ల గదిలో అయితే ఆర్పేవాడుండడు. లగేజీ సరిగ్గా 15 అయింది. బొంత మిగిలింది. అమ్మ ఏమీ అనలేదు. దాన్ని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెల్లి కాసేపు చూసి, సున్నుండల డబ్బా సగం ఖాళీచేసి, బొంతని చేతిసంచీలో కుక్కి జిప్పు లాగింది. తూకం 6 కిలోల 800.

నాకూ ఢిల్లీలో పని వుండటంతో అదే విమానం. అమ్మని గుమ్మం బయటే వదిలి లోపలికెళ్ళాం. కౌంటరులో తూకం సరిపోయింది. విమానం ఎక్కే గేటు దగ్గర వచ్చింది తంటా. అక్కడో ఇనుప చట్రం. అందులో సంచీ దిగాలి. మా సంచీ నెలలు నిండిన మనిషిలా వుంది, దిగలేదు.

కంపెనీ పేరెందుకులెండి. గేటు దగ్గరి కుర్రాడు చెప్పిన రుసుము వింటే ఆ డబ్బుతో తెనాలికి ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చో లెక్కవేశాను. వాళ్ళ బాధా వుంది, కాదనను. విమానంలో 180 సీట్లుంటే తలమీది అరల్లో 180 పెట్టెలు పట్టవు. 1987లో అమెరికాలో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ నిలువు పెట్టెకి చక్రాలూ, పొడుగు పిడీ పెట్టినప్పటినుంచీ పెట్టె మోసే కష్టం పోయింది, పెట్టెలు పెరిగాయి. 2010లో అక్కడి స్పిరిట్ విమానాలవాళ్ళు పై అరలో పెట్టే సంచీకి కూడా డబ్బు వసూలు మొదలుపెట్టారు. కాళ్ళ దగ్గర పట్టే చిన్న సంచీ ఒక్కటే ఉచితం. మనదాకా అది రాకూడదని కోరుకుందాం.

చెల్లి మొహం ఎర్రబడింది. వెనకాల ఆఫీసువాళ్ళిద్దరూ చూస్తున్నారు. ఒక్క క్షణం ఆగి జిప్పు తీసింది. బొంత స్ప్రింగులా బయటికొచ్చింది. సంచీ చట్రంలో చక్కగా దిగింది.

"మేడమ్, లాప్‌టాప్ సంచీ వుందిగా. ఇది అదనం అవుతుంది," అన్నాడు కుర్రాడు.

ఇక్కడ నా విలేఖరి బుద్ధి పనికొచ్చింది. ఈ వ్యాసం కోసమే విమాన భద్రతా బ్యూరో 2000 నాటి సర్క్యులర్ చదివి పెట్టుకున్నాను. ఒక్క చేతిసంచీయే అంటూనే, దానికి తోడు తీసుకెళ్ళగలిగేవి కొన్ని అందులో రాశారు. ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు, గొడుగు, కెమెరా, ప్రయాణంలో చదువుకునే పుస్తకాలు, లాప్‌టాప్... ఆ వరసలోనే రగ్గు లేదా దుప్పటి! ఫోనులో చూపించాను.

కుర్రాడు చదివాడు. బొంతకేసి చూశాడు. "ఇది దుప్పటేనా మేడమ్?"

"బొంత," అంది చెల్లి, లైనంతటికీ వినపడేలా. "మా అమ్మ కుట్టింది."

ఆ కుర్రాడూ తెలుగువాడే. నవ్వి బోర్డింగ్ పాసు అందుకున్నాడు. చెల్లి బొంతని భుజంమీద వేసుకుని నడిచింది.

లోపల అరలన్నీ నిండిపోయి మా సంచీకి ఆరు వరసల వెనకాల చోటు దొరికింది. ఏసీ గాలికి నాకు మోకాళ్ళు వణికాయి. ఓ కొస ఇవ్వమని అడిగితే చెల్లి వినపడనట్టు కళ్ళు మూసుకుంది. ఢిల్లీలో దిగి ఫోను చేస్తే అమ్మ మొదటి ప్రశ్న:

"ఆవకాయ కారిందా?"