కొంపల్లి పసిపిల్లల బడిలో శరత్తు

కామారెడ్డి దిక్కునుండి బస్సులో హైదరాబాదునకు వచ్చువారికి నగరము కొంపల్లితోనే ఆరంభమగును. తూప్రాను, మేడ్చలు దాటి, కండ్లకోయ వద్ద వలయరహదారిని దాటిన పిదప చేలు సన్నగిల్లి, పెండ్లి మండపములును, భోజనశాలలును, ఆకాశము నంటు మేడలును వరుసగా ఎదురువచ్చును. ఇది శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు పోవు 44వ సంఖ్య జాతీయ రహదారి. పెద్దవారు నేటికిని పాత లెక్క చొప్పున ఏడవ నంబరు రోడ్డనియే యందురు. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. 2018లో కొంపల్లి పురపాలక సంఘమయ్యెను. పేరు చివర పల్లె యున్నది కాని, ఆ పల్లె కంటబడవలెనన్న రహదారి విడిచి పాత ఊరి సందులలోనికి పోవలెను.

మేము అచ్చటికి పోయినది భాద్రపద బహుళపక్షమున. మా చిన్న ఆడుబిడ్డ అచ్చట కాపుర ముండును. మావారికి బడి సెలవులు ఇంకను రాలేదు గనుక మేము ముందుగా బయలుదేరితిమి. చేరిన నాటి సాయంకాలమే మా నాలుగేండ్ల మేనకోడలు తన బడిసంచి నుండి ఒక కాగితము తీసి చూపినది. దానిపై అయిదు కోణముల ఆకు, దానికి ఎఱ్ఱరంగు. "అత్తమ్మా, ఇది ఆటమ్" అన్నది. ఏ చెట్టు ఆకమ్మా యని యడిగితిమి. "మా బుక్కుల చెట్టుది" అని ఏమాత్రము తడుముకొనక చెప్పినది. మా ఆడుబిడ్డ నవ్వి, "ఏం చేస్తం వదినా, ఆ కాగితాలు అట్లనే వస్తయి" అన్నది.

ఆటమ్ అనగా శరత్తు. మేము చిన్ననాడు ఇంటిలో నాయనగారి యొద్ద చదువుకొన్న గ్రంథములలో శరత్తునకు కొదువ లేదు. కాళిదాసు ఋతుసంహారమున మూడవ సర్గము దానిదే. ఆంధ్ర మహాభారతమున నన్నయభట్టు రచన శరద్రాత్రుల వర్ణనమువద్దనే నిలిచిపోయినదని పెద్దలు చెప్పుదురు. నాయనగారు ఆ మాట చెప్పునప్పుడు కొంచెము సేపు పుస్తకము మూసి కూర్చుండెడివారు. ఆ వర్ణనములలో మనకు కనబడునవి తేరిన నీరు, తెల్లని రెల్లు, వెన్నెల. మన ఆకురాలు కాలము శిశిరము. మాఘ ఫాల్గుణములలో నేల ఎండి వేరునకు నీరు చాలనప్పుడు మన చెట్లు ఆకు విడిచి ప్రాణము నిలుపుకొనును. మోదుగు ఆకు విడిచిన కొమ్మమీదనే పూయును. చలిదేశములలో జరుగునది వేఱు. పగళ్ళు కుఱచయై చలి ముదిరినప్పుడు ఆకులోని పత్రహరితము నశించి, అంతవఱకు దానిచాటున నున్న పసుపు బయటపడును. కొన్ని చెట్లలో ఎఱుపు క్రొత్తగా పుట్టును. అమెరికాలో మా మఱది బిడ్డ అదే ఆకును తన వాకిట ఏరుకొని బడికి తీసికొనిపోవును. ఆ బిడ్డకు అది నిజమైన పాఠము. కొంపల్లిలో ఆ కాగితము చేతబట్టి కిటికీనుండి చూచిన బిడ్డకు వేపచెట్టు పచ్చగా కనబడును. బిడ్డ ఏది నమ్మవలెను? పుస్తకమునకును కంటికిని పొత్తు కుదరని చదువు మూడేండ్లకే మొదలయినచో, తరువాత కన్ను చెప్పిన మాట వినుట మానివేయుదురేమో యని మా భయము.

మఱునాడు బడిలో బతుకమ్మ యని తల్లులను పిలిచిరి. నిజమునకు బతుకమ్మ మహాలయ అమావాస్యనాటి ఎంగిలిపూలతో గాని మొదలుకాదు. అయినను దసరా సెలవులు ఇంచుమించుగా ఆ అమావాస్యతోనే వచ్చును గనుక, బడులలో రెండు మూడు నాళ్ళు ముందుగనే జరుపుట వాడుకయైనది. (ఆ దినములు బొడ్డెమ్మవి. పెండ్లికాని పిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి ఆడు దినములవి. బడిలో ఆ మాట ఎత్తినవారు లేరు.) మా ఆడుబిడ్డతో మేమును పోయితిమి.

గది చిన్నదే. గోడనిండ ఎఱ్ఱకాగితపు ఆకులు, గుమ్మడికాయ బొమ్మలు. క్రింద చాపమీద ఇరువదిమంది పిల్లలు. నడుమ వెదురుగంపలలో తంగేడు, గునుగు, బంతి, సీతజడ. గోడ ఒక ఋతువు, నేల ఒక ఋతువు. టీచరమ్మ పాతికేండ్ల పిల్ల. ఆమె పూలను వెంటనే పేర్చనియ్యలేదు. ముందుగా రంగుల వారీగా కుప్పలు పెట్టించెను. పిదప తంగేటిపూవు ఒక్కొక్కరి చేతికిచ్చి రెక్కలు లెక్కింపుమనెను. అయిదు. ఇంకొక పూవునకు? అయిదే. ఒక పిల్లవాడు ఏడు పూలు వరుసగా లెక్కించి, అన్నిటికిని అయిదే యని తేలినప్పుడు ఎవరో తన్ను మోసగించుచున్నట్లు టీచరమ్మవైపు చూచెను. ఆ చూపే చదువని మాకు తోచినది.

తరువాత గునుగు కాడలను వేలి పొడవునకు సమముగా త్రుంపుట, రంగునీట ముంచుట. పిమ్మట పళ్ళెములో గుమ్మడియాకు పఱచి వలయములు పేర్చుట. వెడల్పయిన వలయము అడుగున, దానికన్న చిన్నది పైన, నడుమ బోలు పడకుండ త్రుంపిన కాడలు నింపుట. ఇది ఆడువారము ఏటేట చేయు పనియే కాని, ఇందులో ఎంత గణితమున్నదో మేము అంతకుముందు తలపోయలేదు. ఒక గుంపు పిల్లలు పెద్ద వలయమును పైన పెట్టిరి. అది జాఱి పడెను. టీచరమ్మ ఊరకుండెను. మరల పెట్టిరి, మరల పడెను. మూడవమాఱు వారిలో ఒక పిల్ల క్రింది వలయమును వెడల్పు చేయసాగినది. జర్మనీలో 1837లో పసిపిల్లల బడి తెఱచి, 1840లో దానికి పిల్లలతోట యను పేరిడిన ఫ్రోబెలు దొర కొయ్యదిమ్మలతోను, 1939లో మద్రాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు పాఠములు చెప్పిన మాంటిసోరి అమ్మగారు తన కొయ్య పరికరములతోను నేర్పదలచిన దానిలో కొంత ఈ పళ్ళెములో ఉన్నది. ఇవి వాడిపోవును, అంతియే భేదము.

తొమ్మిదినాళ్ళ నైవేద్యములను టీచరమ్మ బొమ్మలు చూపి చెప్పెను. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు వచ్చినవి. ఆరవనాడు అమ్మవారు అలిగినందున ఏమియు పెట్టరనగానే పిల్లలందఱును మూతులు ముడిచి అలక చూపిరి. తక్కిన నైవేద్యములకన్న ఆ ఉపవాసమే వారికి నచ్చినది.

ఇంతలో పేర్పు కుదరక బతుకమ్మ ప్రక్కకు ఒఱుగుచుండగా టీచరమ్మ, "ఆయమ్మా, జర మీరు రారాదు" అని పిలిచెను. వాకిట చెప్పులు సర్దుచున్న ఆయమ్మ కొంగున చేతులు తుడుచుకొని వచ్చి కూర్చుండెను. అప్పటినుండి ఆ గదిలో ఉపాధ్యాయిని ఆమెయే. టీచరమ్మ దానిని చిన్నతనముగా నెంచక పిల్లల నడుమ కూర్చుండుట మాకు మిక్కిలి నచ్చినది. ఒక పిల్ల గునుగు చేతబట్టి ఇది ఎవరు నాటినారని యడిగినది.

"గునుగు ఎవ్వలు ఎయ్యరు బిడ్డా. వానకు అదే మొలుస్తది. చేన్ల కలుపు."

"మరి థాంక్యూ ఎవరికి చెప్పాలె?"

"వానకు చెప్పు."

తల్లులలో ఒకామె నవ్వి, "వానకు థాంక్యూ అంటే మా ఇంట్ల ఎవ్వలు ఒప్పుకోరమ్మా" అన్నది. ఆమె యిల్లు ఫాక్సుసాగరు చెరువు చేరువ. దానిని జీడిమెట్ల చెరువనియు అందురు. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు నిండి, చేరువనున్న కాలనీ యిండ్లు దినముల తరబడి నీటిలో నుండెను. నీరు నిలువవలసినచోట ఇండ్లు లేచినప్పుడు వాన ఎక్కడికి పోవును? బతుకమ్మను సాగనంపుటకు చెరువు కావలెను; చెరువునకు దాని చోటు కావలెను. పాటలు పాడి పూలు విడుచు మనము ఆ చోటు మాట కూడ పాడుకొనవచ్చును గదా.

ఆటల నడుమ ఆయమ్మతో కొంత మాటాడితిమి. తాను కాపురమునకు వచ్చిన నాడు బడి గోడ వెనుకనే తంగేడు పొద లుండెననియు, ఇప్పుడచ్చట అపార్టుమెంటు లేచినదనియు చెప్పెను. ఈ గంపెడు తంగేడు ఆమె తెల్లవాఱుజామున మేడ్చలు ఆవలికి బస్సులో పోయి కోసి తెచ్చినది. తంగేడు మన తెలంగాణ రాష్ట్రపుష్పము. బతుకమ్మ 2014 నుండి రాష్ట్ర పండుగ. గౌరవములకు లోపము లేదు. మొక్క నిలుచుటకు బీడునేల మాత్రము కఱవైనది. తంగేడు తోటలో బతిమాలి పెంచునది కాదు. ఎవరికిని పట్టని గట్టున ఎండకు ఓర్చి పూయును. ఎవరికిని పట్టని గట్టు కొంపల్లిలో నేడు దొరకదు.

పరదేశపు వస్తువని మేము దేనిని త్రోసిపుచ్చుట లేదు. ఆ గోడమీది తీపిగుమ్మడి అమెరికా ఖండమున పుట్టినది; బతుకమ్మ క్రింద పఱచిన ఆకును, గౌరమ్మకు పెట్టు పూవును ఆ జాతివే. మన గడపల నలంకరించు బంతి మెక్సికో దేశపుది. అవి వచ్చినవి, మన మన్నులో మొలచినవి, మనవైనవి. ఎఱ్ఱకాగితపు ఆకు మొలవదు; మాకు గల అభ్యంతర మంతయు అదియే.

పిల్లలు వెళ్ళిన పిదప టీచరమ్మ ఏడాది పాఠముల పట్టిక చూపెను. నవంబరు గడిలో థాంక్స్‌గివింగు అని యున్నది. పిల్లల అఱచేతిని కాగితముపై ఉంచి చుట్టును గీసి, వ్రేళ్ళను ఈకలుగా దిద్ది టర్కీకోడిని చేయుట అందలి పని. ఆమె దానిగుఱించి మమ్మడిగినది, తెలిసినంత చెప్పితిమి. 1621లో ప్లిమతు అను చోట ఆంగ్లేయ వలసవారు తొలిపంట యింటికి వచ్చినందున విందు చేసికొనిరి. అంతకుముందటి చలికాలమున వారిలో సగముమంది చనిపోయిరి. మిగిలినవారికి మొక్కజొన్న నాటుట నేర్పినవాడు ఆ నేలవాడు. విందులో వాంపనోగు జాతివారు తొంబదిమంది వఱకు కూర్చుండిరి. 1863లో అధ్యక్షుడు లింకను దీనిని దేశమంతటికిని నియమించెను. 1941 శాసనముతో నవంబరు నాలుగవ గురువారము స్థిరపడెను. అన్నము పెట్టినవారి నేల తరువాత వారికి మిగులలేదు గనుక, 1970 నుండి ఆ జాతులవారు కొందఱు అదే దినమున ప్లిమతులో కూడి శోకదినము పాటించుచున్నారు.

టీచరమ్మ కొంతసేపు మాటాడలేదు. "అయితే తీసెయ్యాల్నా అండీ?" అని యడిగినది. తీయనక్కఱలేదంటిమి. నవంబరు మనకును కోతకాలమే. వానకాలపు వరి మన జిల్లాలలో అప్పుడే కోతకు వచ్చును. మా ఊరి దారిపొడవునను ధాన్యము ఆరబోయుదురు. దినము ఉండనిండు, కోడిబొమ్మకు బదులు వరిచేను చూపుడు. ఆమె పట్టిక తిరుగవేసి చూపెను. "మనకు సాయము చేయువారు" అను పుట అది. పోలీసు, వైద్యుడు, సైనికుడు, విమానము నడుపువాడు వరుసగా ఉన్నారు. రైతు లేడు, ఆయమ్మ లేదు. ఆమె యే పెన్సిలుతో ప్రక్కన రెండు గడులు గీసినది.

2020 నాటి జాతీయ విద్యావిధానము పసితనమున ఇంటిభాషలో చెప్పుడని కోరుచున్నది. భాష యొక్కటియే కాదు, ఇంటి ఋతువును కావలెను. పాత ఊరిలోని అంగన్‌వాడికిని ఒక పూట పోయితిమి. దేశమున ఆ పథకము 1975 అక్టోబరు 2న మొదలయినది. ఆ పేరునకు ముంగిలియని అర్థము. అచ్చట అచ్చుకాగితములు తక్కువ. పిల్లలు దారిలో దొరికిన గడ్డిపూలే గుప్పిళ్ళతో తెచ్చిరి. టీచరు వాటినే చాపమీద పోసి లెక్కలు మొదలిడెను.

మేము తిరుగు ప్రయాణమగునాటికి బడి టీచరమ్మ ఆయమ్మను అడిగి మేడ్చలు ఆవల ఒక వరిచేను తెలిసికొనియుండెను. ఆ రైతు పిల్లలను రానిచ్చుటకు ఒప్పెననియు, కోతయంత్రము వచ్చు దినము ముందుగా చెప్పలేననెననియు మా ఆడుబిడ్డ చెప్పినది. ఇక మిగిలినది ఇరువదిమంది పిల్లలకు బస్సు బాడుగ. అది యెవరు పెట్టుకొనవలెనను మాట తల్లులలో నడుచుచుండగనే మా బస్సు వచ్చెను.