డోలీ మేళం

1980వ సంవత్సరం అనగానే రాక్ సంగీతాభిమానులకు రెండు మరణాలు గుర్తుకొస్తాయి. ఫిబ్రవరిలో ఏసీడీసీ గాయకుడు బాన్ స్కాట్ పోయాడు. ఆ బృందం కొత్త గాయకుణ్ణి వెతుక్కుని, అదే ఏడాది జూలైలో 'బ్యాక్ ఇన్ బ్లాక్' విడుదల చేసి, మునుపెన్నడూ చూడని ఎత్తుకు చేరింది. సెప్టెంబరులో లెడ్ జెపెలిన్ డ్రమ్మరు జాన్ బోనమ్ పోయాడు. మిగిలిన ముగ్గురూ ఇక కొనసాగలేమని డిసెంబరులో ప్రకటించి విరమించుకున్నారు. ఒక మనిషి పోతే మేళం నిలుస్తుందా అన్న ప్రశ్న ఎదురైనప్పుడల్లా నాకు ఈ ఇద్దరే తలపుకు వచ్చేవారు. ఇప్పుడు మణుగూరు గుర్తుకొస్తోంది.

2024 జూన్ 23న కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు కన్నుమూశారు. ఆయనది మణుగూరు మండలంలోని కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వేరు. ఆయన పుట్టినప్పుడు గానీ, మేము ఆ ప్రాంతంలో కాపురమున్నప్పుడు గానీ అదంతా ఖమ్మం జిల్లాయే. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది.

కోయల్లో డోలీలు ఒక శాఖ. వారి మేళంలో పెద్ద డోలు, కొమ్ము, కంచు తాళం ఉంటాయి. దేవర జాతరలకు, పెళ్ళిళ్ళకు, చావులకు వచ్చి గట్టుల పుట్టుకను, గోత్రాల కథలను, పూర్వీకుల పేర్లను పాడతారు. ఒకరు కథ చెబుతుంటే మిగిలినవారు వెనక అందుకుంటారు. సమ్మక్క సారలమ్మల కథ కూడా ఇలా నోటి నుండి నోటికి నడిచివచ్చినదే.

ఇదంతా తెలిసేనాటికి నా వయసు మీరింది. 1990ల మొదట్లో, నా సహాధ్యాయి ఒకడి అక్క పెళ్ళికి నేను చేసిన ఘనకార్యం వేరు. "డోలీ ఎందుకురా, సౌండుబాక్సులు పెడదాం" అన్నాను. టేపురికార్డరు నాదే. సినిమా పాటల నడుమ జెపెలిన్ కూడా ఒకటి వినిపించి మురిసిపోయాను. పిలుపందుకుని వచ్చిన డోలీ వారు నలుగురు ఇప్పచెట్టు కింద కూర్చుని, నా క్యాసెట్టు ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూశారు. ఒక్క మాట అనలేదు.

అర్ధరాత్రి కరెంటు పోయింది. చీకట్లో డోలు మోగింది. నాకు భాష తెలియదు. కానీ కథ నడుస్తూ ఉండగా ఒకచోట నా మిత్రుడి తండ్రి చటాక్కున లేచి చేతులు జోడించాడు. ఆయన తాతగారి పేరు వచ్చిందట. తరువాత మరొక పేరుకు ఇంకొక ముసలావిడ లేచింది. తెల్లవారేదాకా అలా ఎవరో ఒకరు లేస్తూనే ఉన్నారు. నా క్యాసెట్టులోని బృందం పేరు ప్రపంచమంతా ఎరుగును. ఆ ఇంట్లో ఒక్కరి పేరూ దానికి తెలియదు. పొద్దున్నే సౌండుబాక్సులు ఎడ్లబండి ఎక్కిస్తున్నప్పుడు ఆ నలుగురి ముఖాలు చూడలేకపోయాను.

ఆ పైన సౌండుబాక్సులదే రాజ్యమయింది. పిల్లలు చదువులకు, గనుల్లో పనులకు వెళ్ళారు. కథ విని లేచి నిలబడేవారు తగ్గితే కథ చెప్పేవారూ తగ్గుతారు గదా. అటువంటి కాలంలో, 2022లో, రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. పుస్తకాలకెక్కని చరిత్రను గొంతులో మోసిన మనిషికి ఆ పురస్కారం దక్కడం చూసి ఎంతో సంతోషించాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన లేరు. పురస్కారం ఒక పేరు మీద వస్తుంది. మేళానికి మాత్రం వెనక అందుకునే గొంతులు కూడా కావాలి.

మొన్న ఆ మిత్రుడే ఫోను చేశాడు. కూతురి పెళ్ళట.

"డోలీ పెట్టిద్దామని మూడు ఊళ్ళు తిరిగానురా. మా గోత్రం కథ వచ్చిన ముసలాయన ఒక్కడు దొరికాడు. వెనక అందుకోను మనుమడు ఉన్నాడు గానీ, వాడు ఓపెన్‌కాస్టులో లారీ నడుపుతాడు. సెలవు దొరకాలి."

"నన్నేం తెమ్మంటావు?" అన్నాను.

"రికార్డరు తే. ఈసారి పాటలు వెయ్యడానికి కాదు" అని నవ్వాడు.

బోనమ్ దారా, స్కాట్ దారా అని ఆ రాత్రంతా ఆలోచించాను. ఆ రెండు బృందాలకూ ఎటు పోవాలో తేల్చుకునే వీలైనా ఉండింది. ఇక్కడ సంగతి ఒక లారీ డ్రైవరు సెలవు చీటీ మీద ఆగి ఉంది.

పెళ్ళి ఇంకా పది రోజులుంది. సెలవు దొరికిందన్న కబురు ఇంకా రాలేదు.