విశాఖ నుంచి భీమిలి దాకా

మా బుక్కపట్నంలో సముద్రమంటే చెరువే. చిత్రావతి నీటితో అది నిండిన ఏడు కట్టమీద నిలబడితే అవతలి ఒడ్డు కొండల నీడలో కనిపించీ కనిపించనట్లు ఉంటుంది. విజయనగర రాజులు తమ చెరువులకు బుక్కరాయసముద్రమనీ, అనంతసాగరమనీ పేర్లు పెట్టుకున్నది ఊరికే కాదు. ఏడాది మొత్తానికి సగటున యాభైఅయిదు సెంటీమీటర్ల వానైనా సరిగా పడుతుందన్న నమ్మకం లేని సీమ మాది. నీరు నిలిచిన చోటల్లా మాకు సాగరమే. అటువంటి ఊరివాళ్ళం ధర్మవరంలో రైలెక్కి, రమారమి ఒక రోజు ప్రయాణం చేసి విశాఖపట్నంలో దిగి, అసలు సముద్రాన్ని చూసినాము.

చూసిన వెంటనే మా అత్తగారు అడిగిన ప్రశ్న ఇది: "ఇన్ని నీళ్ళు పెట్టుకొని, వీళ్ళు తాగేదానికి నీళ్ళు యాడనుంచి తెచ్చుకుంటారు నాయనా?"

నవ్వుకున్నాము గాని, ఆ ప్రశ్నే మా యాత్రకంతా దారి చూపింది.

ఈ తీరానికున్న ప్రత్యేకత కొండలు. తూర్పు కనుమలు ఇతర చోట్ల సముద్రానికి దూరంగా నిలిచిపోతే, ఇక్కడ ఏకంగా నీటిలోకి అడుగు పెట్టినవి. డాల్ఫిన్ నోస్ అని అందరూ పిలిచే యారాడ కొండ కొమ్ము అలాంటిదే. దాని చాటున ఉండబట్టే 1933లో ఓడరేవు ప్రారంభమైంది. అలల ధాటికి అడ్డుగా రెండు పాత ఓడలను ముంచి, వాటి ఆసరాతో రాళ్ళు పేర్చినారట. "దీవి చూపిస్తానన్నావే నాయనా?" అని మా చిన్నమ్మాయి సాధిస్తూ ఉంటే, మనుషులు చేసిన ఈ దీవి కథ చెప్పి తప్పించుకున్నాను. అసలు దీవి కావలసినవారు కాకినాడకు పోయి, గోదావరి ఇసుక మేటవేసి కట్టిన హోప్ ఐలండ్ చూడవలసిందే.

రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామి లోపలికి పోయి వచ్చినాము. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ ఓడ ఇప్పుడు ప్రదర్శనశాల. పిల్లలకు అదే ముఖ్యం. నాకు మాత్రం భీమిలి రోడ్డు ముఖ్యం.

నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో తొట్లకొండ ఉంది. ఎత్తు నూట ఇరవైఎనిమిది మీటర్లు. పైకి పోతే ఒకవైపు కొండల వరుస, ఒకవైపు నీలిమ. ఈ కొండమీద ఏముందో చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1976లో నౌకాదళం తమ అవసరానికి సర్వే చేస్తుండగా శిథిలాలు బయటపడినవి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖవారు తవ్వించినారు. మహాస్తూపం, చైత్యాలు, స్తంభాల మండపం, భిక్షువుల గదులు, వంటశాల, భోజనశాల అన్నీ తేలినవి. శాతవాహనుల నాణాలతోబాటు రోమను వెండి నాణాలు కూడా దొరికినవి. సముద్రం మీద వర్తకం చేసేవారు ఈ కొండకు దానాలిచ్చి పోయేవారనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

అయితే నన్ను కట్టిపడేసినవి నాణాలు కావు, తొట్లు. కొండకు ఆ పేరు వచ్చింది వాటివల్లనే. బండను తొలిచి, వానకు పడిన నీటిని ఒడిసిపట్టడానికి చేసిన తొట్లు. కింద అంతులేని ఉప్పునీరు, పైన వర్షాకాలమంతా ఒకచోట ఉండవలసిన భిక్షువులు. రెండువేల ఏళ్ళనాడు వారు చేసిన పని, మా ఊళ్ళో కట్ట వేసినవారు చేసిన పని ఒకటే. అత్తగారిని పిలిచి చూపించినాను. వంగి చూసి, "పూడిక తీయించరేమి?" అన్నారు. చెరువు కింద బతికినవారి మాట అట్లాగే ఉంటుంది!

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. 2019 వానలకు ఇక్కడి మహాస్తూపంలో కొంత భాగం కూలింది. తవ్వి బయటపెట్టినంతమాత్రాన అయిపోలేదు, బయటపెట్టిన తరువాతే అసలు ప్రమాదం మొదలు. పక్కనున్న బావికొండ, భీమిలి దగ్గరి పావురాళ్ళకొండ కూడా బౌద్ధ క్షేత్రాలే. వాటి చుట్టూ నగరం ఎంత వేగంగా పెరుగుతున్నదో రోడ్డుమీద పోయేవారికి తెలుస్తూనే ఉంటుంది.

ఎర్రమట్టి దిబ్బల విషయం ఇంకా కష్టం. ఇనుము పూతతో ఎర్రబారిన ఇసుక, గాలికీ వానకూ కోసుకొనిపోయి వాగులు వాగులుగా నిలిచిన చిత్రం. మన దేశంలో తమిళనాడు తీరంలోనూ, అవతల శ్రీలంకలోనూ తప్ప ఇటువంటివి అరుదు. వేల ఏళ్ళు పట్టి తయారయిన దిబ్బను యంత్రం పెట్టి తవ్వేందుకు ఒక పూట చాలు.

భీమునిపట్నంలో గోస్తని సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల దగ్గర పుట్టిన నది ఇంత శాంతంగా ముగియడం చూడముచ్చటగా ఉంది. పదిహేడో శతాబ్దిలో డచ్చివారు ఇక్కడ వర్తకం పెట్టినారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నవి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగినాడు. చెప్పినాను. "సముద్రం లేని ఊరా! మరి మీకు చేపలో?" అన్నాడు. చెరువు చేపల సంగతి చెబితే ఆయన ముఖంలో జాలి దాగలేదు.

దగ్గరే పద్మనాభం. 1794 జూలై 10న విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఇంగ్లీషువారితో పోరాడి ప్రాణాలు విడిచినది ఇక్కడే. కొండ ఎక్కే ఓపిక ఆ ఎండలో మాకు లేకపోయింది.

చివరిరోజు సింహాచలం. చందనపు పూతలో ఉన్న స్వామిని చూసి అత్తగారు తృప్తిపడినారు. మా పెనుకొండ ఏలిన కృష్ణదేవరాయలు 1516లోనూ, మళ్ళీ 1519లోనూ ఇంతదూరం వచ్చి, దేవేరులతో స్వామికి ఆభరణాలు సమర్పించి శాసనాలు వేయించినాడు. ఆ సంగతి చెప్పగానే ఆమె, "మన రాయలేనా? అయితే ఆ రాత ఎక్కడుందో చూపించు" అని బయలుదేరినారు. క్యూ లోంచి బయటికి వచ్చి, పిల్లలను ఒక చోట కూర్చోబెట్టి, ఇద్దరం స్తంభాల వెంట అక్షరాలు వెతుకుతూ తిరిగినాము.