ఖాళీ పీటకు కట్టు

మా మనవరాలు కూర్చునే పీటను కారుకు బిగించాలా, అక్కరలేదా అన్న విషయంలో మా అమ్మాయికీ అల్లుడికీ జరిగిన వాదానికి 2023 వేసవిలో నేను మధ్యవర్తిని కావలసివచ్చింది. ముప్పైమూడేళ్లు సంధులూ సమాసాలూ చెప్పుకొన్న తెలుగు పండితుడికి కార్ల సంగతి ఏం తెలుసునని మీరు అడగవచ్చు. ఏమీ తెలియదు. అందువల్లనే ఇద్దరికీ నేను ఆమోదయోగ్యుడినయ్యానేమో!

ఊరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. పిల్లకు అప్పటికి ఆరేళ్లు. ఎనిమిదేళ్లు నిండేదాకా, లేదా నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు ఎదిగేదాకా పిల్లలను వెనుక సీటులో, వారికి తగిన ఆసనం మీదనే కూర్చోబెట్టాలని అక్కడి చట్టం. ఆ ఈడు పిల్లలకు వాడేదాన్ని బూస్టర్ సీటు అంటారు. నేను మాత్రం దానికి ‘ఎత్తుపీట’ అని పేరు పెట్టుకున్నాను. పెళ్లిపీట, ముక్కాలిపీట, కత్తిపీట ఉన్న భాషకు ఇదొక్కటీ బరువు కాదు కదా. ఇంతకన్న మంచి మాట తోస్తే మిత్రులు చెప్పండి, మార్చుకుంటాను.

ఈ పీట పిల్లను పట్టి ఉంచదు. ఆ పని కారులోని బెల్టుదే. అయితే ఆ బెల్టు పెద్దల కొలతకు చేసినది. చిన్నపిల్లకు పెడితే పై పట్టీ మెడను ఒరుసుకుంటుంది, కింది పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది. ప్రమాదం జరిగితే ఆ పట్టీయే మెత్తని పొట్టను నొక్కివేస్తుంది. పీట పిల్లను కాస్త పైకెత్తి, కింది పట్టీ తుంటి ఎముకల మీద, పై పట్టీ భుజం నడిమి నుంచి రొమ్ము మీదుగా అమరేటట్లు చేస్తుంది. అంతవరకే దాని ధర్మం.

వివాదమంతా ఆ పీట వెనుక ఉన్న రెండు కొక్కేల గురించి. సీటు వీపూ అడుగూ కలిసే సందులో కారుకు ఇనుప కడ్డీలుంటాయి. అమెరికాలో వీటిని ‘లాచ్’ అనీ, మన దేశంలో ‘ఐసోఫిక్స్’ అనీ అంటారు. 2002 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్లలో ఇవి ఉండి తీరాలి. పీట కొక్కేలను ఆ కడ్డీలకు తగిలించవలసిందేనని అమ్మాయి పట్టు. అల్లుడు ఒప్పుకోలేదు.

“పాపను పట్టుకునేది బెల్టు కదా మామయ్యగారూ! కొక్కేలు పీటనే పట్టుకుంటాయి. పైగా ఆ కడ్డీల మీద పిల్లా సీటూ కలిసి అరవై అయిదు పౌండ్లకు మించకూడదట” అన్నాడు.

వినడానికి తర్కం నిర్దుష్టంగానే ఉంది. నేను అతని పక్షమే వహించాను. దాచుకోవడం దేనికి, ఆ తీర్పులో నా బద్ధకం కూడా కొంత ఉంది. వారికి రెండు కార్లు. పీటను ఒకదానిలోంచి మరొకదానిలోకి మార్చేదీ, ఆ సందులో వేళ్లు దూర్చి కడ్డీల కోసం తడుముకోవలసిందీ నేనే!

వారం తిరగలేదు. ఒకనాటి ఉదయం పిల్లను బడి దగ్గర దింపి కూరగాయలకు బయలుదేరాము. అల్లుడి పక్కన నేను, వెనుక మా ఆవిడ, ఆమె పక్కన ఖాళీ పీట. పక్కవీధి నుంచి ఒక కారు ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. అల్లుడు బలంగా బ్రేకు తొక్కాడు. దైవానుగ్రహం వల్ల ఏదీ దేనికీ తగలలేదు. కాని నా వీపు వెనుక దబ్బుమని చప్పుడైంది. పీట ఎగిరి నా సీటుకు కొట్టుకుని, పక్కకు తిరగబడి మా ఆవిడ మోకాలి మీద పడింది. రెండు వారాలపాటు ఆమె మెట్లెక్కలేకపోయింది.

“పిల్ల కూర్చున్నంతసేపూ బుద్ధిగానే ఉంది. పిల్ల దిగాకనే దీనికి కాళ్లొచ్చాయేమండీ!” అన్నదామె, మంచుముక్కలు మోకాలికి అద్దుకుంటూ.

మా ముగ్గురి తర్కానికీ అందని మాట అది. పిల్ల కూర్చున్నప్పుడు పిల్లతోబాటు పీటను కూడా బెల్టు అదిమిపెడుతుంది. పిల్ల దిగితే పీటకు ఏ ఆధారమూ లేదు. కారు చటుక్కున ఆగినా కట్టులేని వస్తువు మునుపటి వేగంతోనే ముందుకు పోతుంది. ఆ దారిలో ఎవరి తల ఉంటే వారిదే! ఆ రాత్రి పీటతో వచ్చిన సూచనల పుస్తకం తీసి, వ్యాఖ్యానగ్రంథం చదివినంత శ్రద్ధగా చదివాను. అరవై అయిదు పౌండ్ల నియమం పీటలకు వర్తించేది కాదు. తమ సొంత పట్టీలతోనే పిల్లను కట్టివుంచే సీట్లు వేరే ఉన్నాయి, అక్కడ పిల్ల భారం కడ్డీల మీద పడుతుంది కనుక ఆ హద్దు వాటికి. కొక్కేలు లేని పీటను ఖాళీగా ఉన్నప్పుడు కారు బెల్టుతోనే బిగించాలి. కొక్కేలు తగిలించినందువల్ల పిల్లకు బెల్టు సరిగా అమరకపోతే మాత్రం బెల్టు అమరికకే ప్రాధాన్యం. అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ రాత్రి నిద్రపట్టక 1989 నాటి ప్రయాణమొకటి తలచుకున్నాను. తెనాలి నుంచి బెజవాడకు ఒక అంబాసిడర్‌లో తొమ్మిదిమందిమి. ముందు సీటులో నేను, నా ఒడిలో మూడేళ్ల మా అమ్మాయి. రెండు చేతులతోనూ గట్టిగా పొదివి పట్టుకున్నాను, ఇంతకుమించిన రక్ష ఏముంటుందన్న ధైర్యంతో. పది కిలోల పీటైనా కాని వస్తువు ఒక్క బ్రేకుకు ఎలా ఎగిరిందో చూశాక, ఆ చేతులు ఆనాడు ఏపాటి ఆపగలిగేవో నాకు తెలిసింది.

2024 డిసెంబరులో వాళ్లు మన దేశానికి వచ్చారు. ముందుగానే విజయవాడలో ఒక పీట కొనివుంచి, దానితో సహా అద్దెకారులో మేమిద్దరం గన్నవరం బయలుదేరాము. పద్నాలుగేళ్లలోపు పిల్లలను బెల్టుతోగాని, తగిన ఆసనంతోగాని భద్రపరచకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 నాటి సవరణ చట్టం చెబుతున్నది. కారులో వెనుక సీటుకు మాత్రం బెల్టు తగిలించే బకిలే కనిపించలేదు. అది సీటు కవరు కింద సమాధి అయివుంది! డ్రైవరు పాపం మంచివాడు. విసుక్కోకుండా కవరు విప్పి, వేరుసెనగ పొట్టు, రెండు రూపాయి నాణేలు, చివరికి ఆ బకిలు బయటికి తీశాడు. నేను పీటను సీటు మీద పెట్టి, బెల్టు చుట్టూ తిప్పి బిగించాను.

“పాప ఇంకా విమానమే దిగలేదు కదా మాస్టారూ, ఖాళీదానికి బెల్టెందుకండీ?” అన్నాడతను.

మా ఆవిడ నవ్వి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తన బెల్టు కూడా పెట్టుకుంది.