కొండకు అగ్గి గీత

ఎండాకాలం ముందు మన కొండలు రాత్రిళ్ళు మండడం మనలో ఎవరికీ కొత్త కాదు. బాగేపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దూరంగా కొండకు ఎర్రటి దండ వేసినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కూడా, చెప్పొద్దూ. పోయిన జనవరిలో పర్యావరణ పాఠం కోసం స్కందగిరి ఎక్కినప్పటినుంచీ నేను దాన్ని అట్లా చూడలేకపోతున్నాను.

పైన పాత కోట గోడలు, వాలంతా నడుమెత్తు ఎండుగడ్డి. మాతో వచ్చిన ఫారెస్టు వాచరన్న పిడికెడు గడ్డి తెంపి నలిపితే అప్పడంలా పొడైపోయింది. సగం దారిలో కొందరు కొడవళ్ళతో గడ్డి కోసి వెడల్పాటి బాట తీస్తున్నారు. అదే అగ్గి గీత. కోసిన గడ్డిని పొద్దున్నే, మంచు తడి ఆరకముందే, గాలి లేనప్పుడు దగ్గరుండి కాల్చేస్తారు. తర్వాత మంట వచ్చినా తినడానికేమీ దొరక్క అక్కడ ఆగుతుంది. దాటిందా, ఇక పచ్చికొమ్మలతో బాదడమే. మంట కిందికంటే పైకి వేగంగా పోతుంది. దాని వేడి ముందే పోయి పై గడ్డిని ఎండబెడుతుంది. "మేం ఎక్కేలోగా అది ఎక్కేస్తుందమ్మా" అన్నాడు. ఇప్పుడు డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహంతో చూసి ఫోన్లకు మెసేజ్ పంపుతుంది. మెసేజ్ వచ్చినా కొండ ఎక్కాల్సింది కాళ్ళే కదా!

మరి నిప్పు పెట్టేదెవరు? ఆ నెలల్లో మనకు పిడుగులెక్కడివి? ఆర్పకుండా పారేసిన బీడీ, రాత్రి కొండెక్కేవాళ్ళ చలిమంట, గొర్రెల మేత కోసం కావాలని పెట్టే నిప్పు.

మూడోది వినగానే నాకు మా తాత గుర్తొచ్చాడు. మాకు అరవై గొర్రెలు. ఇంటికి పోయి అడిగితే, "పాత గడ్డి కాలకపోతే కొత్త చివురు ఎట్లా వస్తుందమ్మీ?" అన్నాడు. గడ్డితోపాటు చిన్న మొక్కలూ పోతాయని, బోసి వాలు మీద మొదటి వానకే మట్టంతా చెరువులోకి దిగుతుందని చెప్పాను. మన చిత్రావతి పుట్టేది కూడా ఈ కొండల్లోనే అన్నాను. అంతా విన్నాడు.

"సరే, కార్తీకంలో గడ్డి పచ్చిగా ఉన్నప్పుడే మమ్మల్ని కోసుకోనిస్తే, పుష్యంలో వాళ్ళకు కాల్చడానికి ఏం మిగులుతుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్ననే రేంజ్ ఆఫీసుకు రాసి పంపాలని మా క్లాసులో నలుగురం అనుకున్నాం. ఉత్తరం కన్నడంలో ఉండాలి. కన్నడం బాగా రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే మధ్యాహ్నం లైబ్రరీలో కలవండి.