తెలియదు అని రాయడానికో గడి

హైదరాబాద్ రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, అద్దాల మేడల వరసలో ఉంది ఆ ఆఫీసు. కంపెనీ పేరు రాయకూడదన్న షరతు మీదే లోపలికి రానిచ్చారు. గేటు దగ్గర సంతకం, లిఫ్టు దగ్గర బ్యాడ్జి, లోపలి తలుపు దగ్గర నా ఫోన్ కెమెరా మీద ఎర్ర స్టిక్కరు. “పేషెంట్ల డేటా సార్, ఏమీ అనుకోవద్దు” అంది సెక్యూరిటీ అమ్మాయి. తీరా లోపలికి వెళ్ళాక చూస్తే, ఆ అంతస్తులో చాలామంది నిజమైన రోగి పేరు ఒక్కటి కూడా ఎరగరు. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం, మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. ఈ రెండింటి మధ్య కోడ్ రాసేవాళ్ళకు దక్కేది కల్పిత రోగులే.

గోడ మీద రెండు గడియారాలున్నాయి. ఒకటి మనది, ఇంకోటి చికాగోది. మనకు సాయంత్రం నాలుగు దాటింది, వాళ్ళకు ఇంకా తెల్లవారలేదు. వాళ్ళు లేచి మీటింగులు మొదలుపెట్టేలోపు ఇక్కడ పని తెమలాలి. ఆ పని ఏమిటంటే, ఆసుపత్రిలో ఒక సాఫ్ట్‌వేర్ చెప్పింది ఇంకో సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా చూడటం. ల్యాబ్ రిపోర్టు వార్డుకు చేరాలి, వార్డులో రాసిన మందు ఫార్మసీకి చేరాలి, అక్కడి లెక్క బిల్లింగ్‌కు చేరాలి. అమెరికా ఆసుపత్రులకు ఈ వంతెన పని చేస్తూనే, మన జిల్లా కేంద్రాల్లోని చిన్న ఆసుపత్రుల కోసం ఒక ప్రోడక్టు కూడా నడుపుతున్నారు.

ఆ రోజు టీమంతా తలపట్టుకున్నది ఈ రెండో దాని గురించే. రిజిస్ట్రేషన్ తెర మీద ‘మందుల అలర్జీ’ అని ఒక చిన్న గడి ఉంటుంది. టిక్కు పెడితే ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. ఒక ఆసుపత్రి నుంచి డాక్టరుగారు ఫోన్ చేసి ఒకే ప్రశ్న వేశారట: “టిక్కు లేదంటే అలర్జీ లేదనా, లేక ఎవరూ అడగలేదనా?” ఈ ప్రశ్నకు ఆ సాఫ్ట్‌వేర్‌లో జవాబు లేదు. పెన్సిలిన్ రాయబోయే డాక్టరుకు మాత్రం జవాబు కావాలి.

“సార్, బాతు పొడిచిందని రాయనీకి కోడ్ ఉన్నది, ఎవ్వరూ అడగలేదని రాయనీకే మా దగ్గర జాగ లేదు” అన్నాడు టీమ్‌లోని ఒక కరీంనగర్ కుర్రాడు. హాస్యానికి అన్నా అది నిజమే. అమెరికా 2015 అక్టోబర్ 1న ఐసీడీ-10 వర్గీకరణకు మారినప్పుడు జబ్బుల, గాయాల కోడ్‌లు దాదాపు 70 వేలయ్యాయి. వాటిలో డబ్ల్యూ61.62 అంటే బాతు వల్ల తగిలిన దెబ్బ. వి97.33 అంటే విమానం ఇంజన్లోకి లాక్కోబడటం. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకున్న ప్రతి బ్యాచీ ఈ రెండు కోడ్‌లనీ చూసి నవ్వుకునే ఉంటుంది.

కుర్రాడి బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పటిదాకా వాడు ఒకే ఎర్రర్‌తో కుస్తీ పడ్డాడు. “గంట సేపు చూసిన సార్. లోపం ఏడుందో దొరకలే. తీరా చూస్తే వయసు గడిల ఏమీ లేదు.” ప్రోగ్రామర్లు దీన్ని ‘నల్’ అంటారు. విలువ ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం. ఉందనుకుని ముట్టుకున్న ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలోకి ఈ నల్‌ను తెచ్చింది కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్. తేలికగా కుదిరిపోతుందని పెట్టిన ఆ ఏర్పాటును 2009లో ఆయనే తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నాడు.

కూలబడితే నయమే, కనీసం తెలుస్తుంది. కూలబడకుండా తప్పు జవాబు చెప్పడమే ప్రమాదం. కుర్రాడు ఒక చిన్న పట్టిక వేసి చూపించాడు. నలుగురు రోగులు, ముగ్గురికే షుగర్ పరీక్ష జరిగింది. నాలుగో గడి ఖాళీగా వదిలేస్తే డేటాబేస్ ముగ్గురి సగటే చెబుతుంది. ఎవరో ‘ఎర్రర్ రాకుండా’ అక్కడ సున్నా నింపితే సగటు ధబాలున పడిపోతుంది. రక్తంలో చక్కెర సున్నా ఉన్న మనిషి బతికి ఉండడని డేటాబేస్‌కు తెలియదు కదా. “ఏఐని అడిగినా అంతే. ఎర్రర్ పోగొట్టమంటే నల్ ఉన్న కాడల్లా సున్నా పెడ్తది. ఎర్రర్ పోతది. నిజం గూడ పోతది.”

అవతలి వరసలో టెస్టింగ్ లీడ్ కూర్చుంటారు. రాజమండ్రి మనిషి. వయసుతో పనిలేకుండా అందరూ ‘అక్కా’ అనే పిలుస్తారు. ఆవిడ తయారుచేసిన కల్పిత రోగుల జాబితా చూడగానే నవ్వు ఆపుకోలేకపోయాను. ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశం, మధురవాణి, బుచ్చమ్మ, లుబ్ధావధాన్లు, అందరూ ఉన్నారు. “ఊరికే సరదాకి కాదండీ, ఒక్కొక్కరికీ ఒక్కో పని ఉంది” అన్నారు. అగ్నిహోత్రావధాన్లు పొడవైన పేర్లకు పరీక్ష. మందు సీసా మీది లేబుల్‌లో ఆ పేరు సగానికి తెగితే వెంటనే పట్టుబడుతుంది. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్లగా నమోదై, తరవాత మగపిల్లాడని తేలతాడు. అప్పుడు రెండు రికార్డులను ఒకటి చేయడం సాఫ్ట్‌వేర్‌కు వచ్చో రాదో తెలుస్తుంది. పూటకూళ్ళమ్మ అందరికన్నా కఠినం. నాటకమంతా వెతికినా ఆమెకు వేరే పేరు లేదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ రెండూ తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టిన ఏ ఫారమైనా ఆమె దగ్గర ఆగిపోతుంది.

“ఆగితే పర్లేదండీ. కౌంటర్లో అబ్బాయి ఆగడు కదా, లైను కదలాలి. లాస్ట్ నేమ్‌లో చుక్క పెడతాడు, లేకపోతే ఎక్స్ అని కొడతాడు. పుట్టినతేదీ తెలియని ముసలమ్మకి జనవరి 1 వేస్తాడు. అలా మన దేశంలో జనవరి 1న పుట్టినవాళ్ళకి లెక్కే లేదు.” తప్పనిసరి అన్న గడి నిజాన్ని రాబట్టదని, అబద్ధాన్ని రాయిస్తుందని అక్క అనుభవం.

పుట్టిన బిడ్డ సంగతి మరీ చిక్కు. చాలా ఇళ్ళలో ఇరవై ఒకటో రోజు దాకా పేరు పెట్టరు. ఆసుపత్రి మాత్రం మొదటి గంటలోనే పేరు అడుగుతుంది. అందుకే ‘బేబీ ఆఫ్ బుచ్చమ్మ’. ఒకే వార్డులో ఇద్దరు బుచ్చమ్మలు ప్రసవిస్తే? ఇది మన ఒక్కరి బాధే కాదు. న్యూయార్క్‌లోని మాంటిఫియోర్ ఆసుపత్రుల్లో శిశువులందరికీ ‘బేబీబాయ్’, ‘బేబీగర్ల్’ అని రాయడం మాని, తల్లి పేరు కలిపి విడివిడి తాత్కాలిక పేర్లు ఇచ్చి చూశారు. ఒక బిడ్డకు రాయాల్సిన ఆర్డరు ఇంకో బిడ్డకు రాసేయడం మూడో వంతుకు పైగా తగ్గిందని 2015లో ప్రకటించారు. మార్చింది పేరు గడిలో నింపే పద్ధతి మాత్రమే.

మూలగదిలో కూర్చునే పెద్దాయన ఇంటర్‌ఫేస్‌లు చూస్తారు. తల నెరిసింది, మాట నెమ్మది. ఆయన తెర నిండా నిలువు గీతలు. హెచ్‌ఎల్7 అనే సంస్థ పుట్టింది 1987లో. దాని రెండో వెర్షన్ సందేశాలు ఇప్పటికీ ఆసుపత్రుల మధ్య తిరుగుతూనే ఉన్నాయి. రోగి వివరాల వరసలో అయిదో గడి పేరు, ఏడోది పుట్టినతేదీ. గడికీ గడికీ మధ్య ఒక గీత. ఆయన రెండు గీతల మధ్య వేలు పెట్టి, “ఇక్కడ ఏమీ లేదు చూశారా? అంటే కొత్త సంగతి లేదు, పాతది అలాగే ఉంచమని. ఇప్పుడు ఇది చూడండి” అన్నారు. ఆ గీతల మధ్య జంట కొటేషన్ గుర్తులు, వాటి నడుమ శూన్యం. “దీనర్థం, ఉన్నది చెరిపేయమని.”

పాత వ్యవస్థ ఒకటి ఖాళీ గడులన్నిటికీ కొటేషన్ గుర్తులు పెట్టి పంపేదట. అవతల సాఫ్ట్‌వేర్ విధేయంగా ఫోన్ నంబర్లన్నీ చెరిపేసుకుంటూ పోయింది. ఆ పాత వ్యవస్థ రాసింది మంప్స్‌లో. 1966-67 ప్రాంతంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పుట్టిన భాష అది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు ఏళ్ళ తరబడి నడిచింది దాని మీదే. సెట్ అనడానికి ఎస్, రైట్ అనడానికి డబ్ల్యూ, క్విట్‌కు క్యూ. ఒక స్పేసు అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుంది. “రాసినవాళ్ళు రిటైరయ్యారు. కామెంట్లు రాయలేదు. పన్నెండు వేల మైళ్ళ అవతల కూర్చుని వాళ్ళు ఏమనుకుని రాశారో నేను ఊహించాలి” అని దూరాన్ని కాస్త పెంచే చెప్పారు. ఆయన విసుగు మాత్రం కచ్చితమైనదే.

అయిదింటికి అందరం కింద టీ బండి దగ్గరికి దిగాం. అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనైనా వినిపించే మాటలే. వీపీఎన్ పావుగంటకోసారి తెగిపోతోంది. నిన్న పాసైన టెస్టు ఏమీ ముట్టుకోకుండానే ఇవాళ ఫెయిలైంది. ఇద్దరు ఒకే ఫైలు మార్చి, మెర్జ్ చేసే వంతు నీదంటే నీదని తగువు. ‘నా మెషిన్లో పనిచేస్తోంది’ అన్నవాడికి టీ డబ్బులు ఇచ్చే శిక్ష. శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టిన మేనేజరు మీద ఉమ్మడి ఆగ్రహం. వీటిలో ఒక్కటి మాత్రం ఆసుపత్రులకే ప్రత్యేకం. నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికా గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతుంది. ఒంటి గంట రెండుసార్లు వస్తుంది. 1:50కి మొదటి కవల, 1:10కి రెండో కవల పుట్టినట్టు రికార్డవుతుంది. ఇచ్చిన మందు ఇవ్వనట్టు, ఇవ్వబోయేది ఇచ్చేసినట్టు కనిపించవచ్చు. కొన్ని ఆసుపత్రులు ఆ గంట కంప్యూటర్ పక్కనపెట్టి కాగితం మీద రాసుకుంటాయి.

పైకి వచ్చాక టీమ్ లీడ్ కొత్తగా చేరినవాళ్ళకు క్లాసు తీసుకుంటుంటే వెనక కూర్చున్నాను. అంశం థెరాక్-25. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఈ రేడియేషన్ యంత్రం 1985-87 మధ్య ఆరుగురికి ఇవ్వాల్సినదానికన్నా ఎన్నో రెట్ల మోతాదు ఇచ్చింది. వారిలో కొందరు చనిపోయారు. 1987 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో జరిగిన ప్రమాదాన్ని ఆయన బోర్డు మీద వేసి చూపించారు. యంత్రం సిద్ధమయ్యేలోగా ప్రోగ్రాం ఒక అంకెను ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోయేది. అది సున్నా కాకపోతే సరిచూడాలని అర్థం, సున్నా అయితే సరిచూడక్కర్లేదని అర్థం. ఆ అంకెకు ఇచ్చిన చోటు ఒకే బైటు. 255 దాటగానే మళ్ళీ సున్నాయే. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటర్ బటన్ నొక్కితే తనిఖీ జరగకుండానే కిరణం వెలువడింది. తరవాత చేసిన మరమ్మతు చాలా చిన్నది. అంకెను పెంచడం మాని, సున్నా కాని ఒకే విలువ పెట్టారు.

“సున్నా అంటే ‘అంతా బాగుంది’ అని ఎవరు చెప్పారు?” అని అడిగారు లీడ్. ఎవరూ మాట్లాడలేదు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో జరిగింది కూడా చెప్పారు. కోవిడ్ ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కిస్తే, 65,536 వరసలు దాటినవి రాలిపోయాయి. 15,841 కేసులు ఆలస్యంగా లెక్కకు వచ్చాయి. ఆ వారం రోజులూ తెర మీద ఎర్రర్ లేదు. కేసులు తక్కువగా కనిపించాయంతే.

ఆరున్నరకు ఆసుపత్రి వాళ్ళతో కాల్. లీడ్ ప్రతిపాదన సులువే: టిక్కు గడి తీసేసి ‘ఉంది, లేదు, అడగలేదు’ అని మూడు పెడదాం. 2011లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం గ్రీవ్ మొదలుపెట్టిన ఫైర్ (FHIR) అనే ఆరోగ్య రికార్డుల ప్రమాణం ఇలాంటి అవసరాన్ని గుర్తించింది. సమాచారం లేకపోతే ఎందుకు లేదో చెప్పే కోడ్‌లు అందులో ఉన్నాయి: అడగలేదు, అడిగినా తెలియదన్నారు, చెప్పడానికి ఇష్టపడలేదు. పుట్టినతేదీలో ఒక్క సంవత్సరమే రాసి వదిలేయనిస్తుంది. మన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, పద్నాలుగు అంకెల ఆభా నంబర్ ఇచ్చేదే, రికార్డుల మార్పిడికి ఈ ఫైర్‌నే వాడుతోంది. అంటే రేపు ఈ చిన్న ఆసుపత్రి రాసిన ‘లేదు’ను ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు నమ్ముతాడు.

అవతల నుంచి నర్సింగ్ సూపరింటెండెంట్ గొంతు ఖంగుమంది. “అయ్యా, పొద్దున ఓపీలో రెండు వందల మంది. ఒక్కొక్కరికీ ఒక నొక్కుడు పెంచితే మా పిల్లలు ఏం చేస్తారో తెలుసా? అందరికీ ‘లేదు’ కొట్టేస్తారు.” ఈ మాటకు ఇక్కడెవరి దగ్గరా జవాబు లేకపోయింది. కాసేపటికి అక్క అందుకున్నారు. “మేడమ్‌గారూ, అసలు నొక్కక్కర్లేకుండా చేస్తే? ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే ‘అడగలేదు’ అని ఉంటుందండీ. డాక్టరుగారి తెర మీద పసుపు రంగులో కనిపిస్తుంది. ‘లేదు’ అని కొడితే మాత్రం కొట్టినవాళ్ళ పేరు, టైము పడతాయి.” అవతల క్షణం ఆగి, “పేరు పడుతుందంటే అడిగే కొడతారు లెండి” అన్నారావిడ. టికెట్ రిలీజ్‌కు వెళ్ళింది, శుక్రవారం కాకుండా సోమవారానికి.

ఈ ఆఫీసులో విసుగులన్నీ ఒక్కచోటికే వెళ్తున్నాయని నాకనిపించింది. మనిషి గురించి మనకు తెలియనిది చాలా ఉంటుంది. యంత్రానికి అది ఒప్పుకోవడం ఎవరో నేర్పాలి. నేర్పకపోతే అది ఖాళీని ‘లేదు’ అని చదువుతుంది, మన తరఫున జవాబు చెప్పేస్తుంది. అలాంటి జవాబును పట్టుకోవడానికే ఈ కుర్రాళ్ళు రాత్రిళ్ళు కూర్చుంటున్నారు. అందులో మన వంతు కూడా ఒకటుంది. ఆసుపత్రి కౌంటర్లో పుట్టినతేదీ అడిగితే, తెలియకపోతే తెలియదనే చెప్పండి. జనవరి 1 వేయబోతే సంవత్సరం చాలునేమో అడగండి. ఏ మందు పడలేదో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే, ఒకరు అడిగేదాకా ఆగకుండా చెప్పి, రాశారో లేదో తెర తిప్పించి చూడండి.